తక్కువ ఖర్చుతో బాంబర్ విమాన సిబ్బంది యుద్ధచిత్రం: నమ్మదగిన దృశ్యాలను నిర్మించే విధానం

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బాంబర్ విమాన సిబ్బందిపై సినిమా తీయదలచిన చిన్న బృందాలు తమ డబ్బులో అధిక భాగాన్ని ఆకాశంలో ఎగిరే విమానాల గ్రాఫిక్స్ మీద వెచ్చించి, విమానం లోపలి సన్నివేశాలను మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో ముగించడం తరచుగా కనిపిస్తుంది. అలా తీసిన చిత్రాల్లో గ్రాఫిక్స్ పెద్ద సంస్థల పనితనానికి సాటి రావు, లోపలి సెట్ అట్టముక్కలా కనిపిస్తుంది, ప్రేక్షకుడు రెండింటినీ నమ్మడు. ఈ మార్గదర్శిలో చెప్పబోయే పద్ధతి దానికి పూర్తిగా భిన్నమైనది. సిబ్బంది తమ స్థానాల నుంచి ఏమి చూడగలరో, ఏమి వినగలరో అంతవరకే కెమెరాకూ మైక్‌కూ తెలియాలి. ఈ ఒక్క నియమాన్ని చివరిదాకా పాటిస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుంది, నిజాయితీ కూడా పెరుగుతుంది, ఎందుకంటే ఆ యువకులు యుద్ధాన్ని చూసింది ఇరుకైన గొట్టంలాంటి లోహపు గదిలో నుంచే.

మొదటి అడుగు: విమానాన్ని, వేళను ఎంచుకోవడం

కథ రాయకముందే తేల్చుకోవలసిన విషయం ఇది. బడ్జెట్‌ను నిర్ణయించే అతి పెద్ద అంశం పగలా, రాత్రా అన్నదే. అమెరికా ఎనిమిదవ వైమానిక దళానికి చెందిన బి-17 విమానాలు పగటిపూట, వందల సంఖ్యలో, పై నుంచి కిందికి అంచెలంచెలుగా కూర్చిన దళాలుగా ఎగిరేవి. 1943 ఆగస్టు 17న ష్వైన్‌ఫుర్ట్, రేగెన్స్‌బుర్గ్ నగరాలపైకి పంపిన 376 విమానాల్లో 60 తిరిగి రాలేదు. అలాంటి దాడిని చూపాలంటే ప్రతి కిటికీ వెనుకా పదుల విమానాలు, వాటి తెల్లటి ఆవిరి చారలు, శత్రు ఫైటర్లు కనిపించి తీరాలి. ఒక్కో విమానంలో పదిమంది సిబ్బంది ఉంటారు కాబట్టి నటులూ దుస్తులూ కూడా ఎక్కువే కావాలి.

బ్రిటిష్ వైమానిక దళపు బాంబర్ విభాగమైన బాంబర్ కమాండ్‌కు చెందిన లాంకాస్టర్ విమానాలు రాత్రివేళ దళంగా కాక, ఒక ప్రవాహంలో ఎవరికి వారుగా ఎగిరేవి. పక్కన వందల విమానాలున్నా చీకట్లో ఎవరికీ ఎవరూ కనిపించరు. ఇంజిన్ పొగగొట్టాల ఎర్రటి కాంతి, దూరాన మంటల్లో కూలుతున్న మరో విమానం, కింద తగలబడుతున్న నగరం, సెర్చ్‌లైట్లు మాత్రమే కంటపడతాయి. సిబ్బంది ఏడుగురే: పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, దారి చూపే నావిగేటర్, బాంబులు గురిచూసి వదిలే బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, విమానం నడుమ పైభాగంలో ఉండే మిడ్-అప్పర్ గన్నర్, తోకలో ఉండే రియర్ గన్నర్. చిన్న బృందం నిస్సందేహంగా రాత్రినే ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. ఈ మార్గదర్శి ప్రధానంగా లాంకాస్టర్‌ను దృష్టిలో ఉంచుకుని సాగుతుంది, అవసరమైన చోట బి-17 ప్రస్తావన వస్తుంది.

నటుల ఎంపిక గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది మరణించారు. వారిలో చాలామంది ఇరవైల తొలినాళ్లలో ఉన్నవారే. నలభై ఏళ్ల ముఖాలతో ఈ కథ చెబితే ఎంత గొప్ప సెట్ వేసినా అది అబద్ధంగానే మిగులుతుంది. పేరులేని కొత్త నటులను తీసుకోవడం ఈ కథకు లోటు కాదు, అదే దానికి తగిన పద్ధతి.

రెండవ అడుగు: ఆధారాలను చూడడం, వినడం

ఇతర సినిమాలను చూసి సినిమా తీయకూడదు. ఈ విషయంలో అసలు ఆధారాలు విస్తారంగా ఉన్నాయి. 1943లో దర్శకుడు విలియం వైలర్ బృందం బి-17లలో స్వయంగా ఎగిరి 16 మిల్లీమీటర్ల కలర్ ఫిల్మ్ మీద చిత్రీకరించింది, ఆ డాక్యుమెంటరీ 1944లో విడుదలైంది. ఆ పనిలో వైలర్ సహచరుడు హెరాల్డ్ టానెన్‌బామ్ ప్రాణాలు కోల్పోయాడు. అలాంటి ఫుటేజీని కథ కోసం కాక కెమెరా ప్రవర్తన కోసం చూడాలి. చిత్రకారుడికి కదలడానికి చోటు లేదు, కిటికీ బయట వెలుగుకు ఎక్స్‌పోజర్ సరిపెడితే లోపలి మనిషి నీడగా మారతాడు, శత్రు విమానం ఫ్రేములోకి వచ్చి సర్దుకునేలోపే దాటిపోతుంది. మీ కెమెరామన్ ఈ పరిమితులను నేర్చుకోవాలి.

వినడానికి అంతకన్నా విలువైన ఆధారం ఒకటుంది. 1943 సెప్టెంబరు 3 రాత్రి బి.బి.సి. విలేకరి విన్‌ఫోర్డ్ వాన్-థామస్, రికార్డింగ్ ఇంజనీర్ రెజ్ పిడ్స్‌లీ ఒక లాంకాస్టర్‌లో బెర్లిన్ మీదికి వెళ్లి, లోపలి ధ్వనులను రికార్డు చేశారు. సిబ్బంది ఇంటర్‌కమ్‌లో, అంటే తమలో తాము మాట్లాడుకునే మైక్ వ్యవస్థలో, మాట్లాడే తీరులో అరుపులు లేవు, ప్రసంగాలు లేవు, పొడి పొడి మాటలే ఉన్నాయి. రిహార్సల్స్ మొదలుపెట్టే రోజున నటులందరినీ కూర్చోబెట్టి దాన్ని వినిపించడం ఎన్నో పాఠాల పెట్టు.

సెట్ కొలతల కోసం సంగ్రహాలయాల్లోని విమానాల ఫొటోలు, నాటి సాంకేతిక పుస్తకాల్లోని రేఖాచిత్రాలు సేకరించాలి. లాంకాస్టర్ రెక్కల వెడల్పు సుమారు 31 మీటర్లు, పొడవు సుమారు 21 మీటర్లు. ఇంత పెద్ద యంత్రంలో మనుషులకు మిగిలిన చోటు ఎంత తక్కువో ఆ చిత్రాలు చూస్తేనే అర్థమవుతుంది.

మూడవ అడుగు: భౌతిక నియమాలకు లోబడి స్క్రిప్ట్ రాయడం

నమ్మకం చెడేది గ్రాఫిక్స్ దగ్గర కాదు, చాలాసార్లు స్క్రిప్ట్ దగ్గరే. సరిదిద్దడానికి పైసా ఖర్చు కాని తప్పులు ఇవి, అందుకే వీటి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

సుమారు 3,000 మీటర్ల ఎత్తు దాటాక సిబ్బంది అందరూ ఆక్సిజన్ మాస్క్ ధరించాలి. 7,600 మీటర్ల ఎత్తులో ఆక్సిజన్ లేకుండా మనిషి స్పృహతో పని చేయగలిగేది మూడు నుంచి ఐదు నిమిషాలు మాత్రమే. నటుడి ముఖం కనిపించాలన్న కారణంతో లక్ష్యం మీద ఉండగా మాస్క్ తీయించే దృశ్యం రాస్తే, విషయం తెలిసిన ప్రేక్షకుడు అక్కడే సినిమాను వదిలేస్తాడు. కాబట్టి ముఖాలు పూర్తిగా కనిపించవలసిన సన్నివేశాలను విమానం పైకెక్కుతున్నప్పుడో, తిరుగు ప్రయాణంలో కిందికి దిగాకో, లేదా నేల మీదో పెట్టుకోవాలి. మధ్యలో ఉన్న సమయమంతా కళ్ల మీద, చేతుల మీద, గొంతుల మీద ఆధారపడాలి. ఆక్సిజన్ గొట్టం ఊడిపోయిన మనిషి తనకేమీ కాలేదన్నట్టు ఉల్లాసంగా మాట్లాడుతూ మెల్లగా తడబడడం ఏ పేలుడుకూ తీసిపోని ఉత్కంఠను ఇస్తుంది, దానికి గ్రాఫిక్స్ అవసరమే లేదు.

బాంబులు వదిలిన వెంటనే కింద పేలుళ్లు చూపడం మరో సాధారణ పొరపాటు. 6,000 మీటర్ల నుంచి జారిన వస్తువు, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, నేలను తాకడానికి 35 సెకన్లు పడుతుంది. రాత్రి దాడుల్లో బాంబులతో పాటు ఫొటో కోసం కింద మెరుపు కాంతినిచ్చే ఒక ఫోటోఫ్లాష్ కూడా జారవిడిచేవారు. బాంబులు ఎక్కడ పడ్డాయో విమానంలోని కెమెరా ఫొటో తీసేదాకా పైలట్ ఎటూ తిరగకుండా తిన్నగా, ఒకే ఎత్తులో నడపాలి. ఆ అర నిమిషం సిబ్బందికి అత్యంత భయంకరమైన సమయం. దీన్ని కత్తిరించకుండా, నిజమైన నిడివిలో, ఒకే షాట్‌గా రాయండి. లెక్కపెట్టే గొంతు, ఇంజిన్ల హోరు, కింద నుంచి ముఖాల మీద పడే ఎర్రటి వెలుగు ఉంటే చాలు. ఇంకో సంగతి, అంత ఎత్తులో నాలుగు ఇంజిన్ల మధ్య కూర్చున్నవారికి కింద పడిన బాంబుల పేలుడు వినిపించదు. ఆ నిశ్శబ్దాన్ని వదులుకుని ధడేల్మనే శబ్దం చేర్చడం మంచి అవకాశాన్ని పోగొట్టుకోవడమే.

మాటల విషయంలో, విమానంలో ఎవరి పేరూ పెద్దగా వినిపించదు, పనిపేరే వినిపిస్తుంది. పైలట్‌ను ‘స్కిప్పర్’ అని పిలుస్తారు. అతను హోదాలో తక్కువ వాడైనా, విమానంలో అధికారం అతనిదే. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పి, చెప్పవలసింది చెప్పి, మైక్ కట్టేస్తారు. ఈ క్రమశిక్షణ ఒకచోట తెగితే, అంటే ఎవరైనా మైక్ తెరిచి ఉంచి ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోతే, అదే ఒక సంఘటన అవుతుంది.

నాలుగవ అడుగు: సెట్ నిర్మాణం

బడ్జెట్‌లో పెద్ద వాటా దీనికే కేటాయించాలి. మొత్తం విమానాన్ని కట్టనవసరం లేదు. లాంకాస్టర్‌లో ముందు భాగపు కాక్‌పిట్, దాని వెనుక నావిగేటర్ బల్ల, వైర్‌లెస్ స్థానం, రెక్కలను కలిపే ప్రధాన దూలం, చివర రియర్ గన్నర్ టరెట్ (తుపాకులతో తిరిగే గూడు) ఉంటే కథ నడుస్తుంది. బాంబ్ ఎయిమర్ పడుకునే ముక్కు భాగాన్ని చిన్న విడి సెట్‌గా వేసుకోవచ్చు. దూలాన్ని మాత్రం విడిచిపెట్టకండి. దళసరి దుస్తుల్లో, చీకట్లో, ఊగుతున్న విమానంలో ఒక మనిషి దాన్ని ఎక్కి దాటడం చూపిస్తే, బయటపడడం ఎంత కష్టమో ప్రేక్షకుడికి వేరే చెప్పనవసరం ఉండదు.

నిర్మాణానికి ప్లైవుడ్‌తో గుండ్రటి చట్రాలను కోసి, సమాన దూరంలో నిలబెట్టి, పొడవాటి చెక్క పట్టీలతో కలిపి, పైన పలుచని అల్యూమినియం రేకునో హార్డ్‌బోర్డునో కప్పాలి. అసలు కొలతల కన్నా వెడల్పుగా కట్టాలన్న ఒత్తిడి కెమెరా విభాగం నుంచి తప్పక వస్తుంది. దానికి లొంగకూడదు. కొలతలు నిజంగానే ఉంచి, పక్క గోడలను తీసి పెట్టుకునేలా ముక్కలుగా చేసుకోవాలి. గోడ తీసినా కెమెరాను మాత్రం లోపలి మనిషి ఉండగలిగే చోటు దాటి వెనక్కి జరపకూడదు. గోడ తీయడం లైట్ కోసం, కెమెరామన్ వీపు కోసం మాత్రమే. మధ్యభాగపు గొట్టాన్ని ఒక్కటే కట్టి, తీగలు, పెట్టెలు, ఆక్సిజన్ సీసాల అమరిక మార్చి రెండు మూడు స్థానాలుగా వాడుకోవచ్చు.

రివెట్ల వరుసలు కెమెరాకు లోహాన్ని నమ్మించే ప్రధాన వివరం. సూది లేని సిరంజితో చిక్కటి తెల్ల జిగురును చుక్కలుగా పెట్టి ఆరనిచ్చి రంగు వేస్తే, పక్క నుంచి పడే కాంతిలో అవి అచ్చం రివెట్లుగా కనిపిస్తాయి. రంగు ఆరాక అరిగిన గుర్తులు వేయాలి, కానీ ఇష్టం వచ్చినట్టు కాదు. బూటు తగిలే అంచులు, చేయి పట్టుకునే కడ్డీలు, కూర్చునే చోట్ల మాత్రమే రంగు అరిగి లోహం బయటపడుతుంది. అంతటా తుప్పు పూయడం తప్పు, ఎందుకంటే అల్యూమినియం తుప్పు పట్టదు, పైగా ఈ విమానాల్లో చాలావాటికి పాతబడేంత ఆయుష్షు లేదు.

కాక్‌పిట్ పరికరాల కోసం అసలు డయళ్ల ఫొటోలను కొలతకు తగ్గట్టు ముద్రించి, వెనుక నుంచి సన్నని కాంతి పడేలా చేసి, పైన పారదర్శకమైన షీటు అమర్చితే సరిపోతుంది. అన్ని ముళ్లూ కదలనవసరం లేదు. ఎత్తు, వేగం, దిశ చూపే మూడింటిని చిన్న సర్వో మోటార్లతో కదిలిస్తే చాలు, నటుడి చూపు కూడా వాటి మీదే నిలపాలి.

ఐదవ అడుగు: చలిని చూపించడం

6,000 మీటర్ల ఎత్తులో సాధారణ ఉష్ణోగ్రత సుమారు మైనస్ 24 డిగ్రీలు, బి-17లు ఎగిరిన ఎత్తుల్లో, చలికాలంలో అంతకన్నా చాలా తక్కువ. లాంకాస్టర్ లోపల చలి అందరికీ ఒకేలా ఉండేది కాదు. వేడిగాలి గొట్టం వైర్‌లెస్ ఆపరేటర్ దగ్గర తెరుచుకునేది కాబట్టి అతనికి ఉక్కగా ఉండేది, రియర్ గన్నర్ మాత్రం విద్యుత్తుతో వేడెక్కే దుస్తుల్లోనూ గడ్డకట్టేవాడు. స్పష్టంగా కనబడడం కోసం చాలామంది తమ ముందున్న పర్‌స్పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) పలకను తీయించుకుని నేరుగా గాలికి ఎదురుగా కూర్చునేవారు. దుస్తుల విభాగం ఈ తేడాను పట్టుకుంటే ఒక్కో పాత్రకూ ఒక్కో రూపం వస్తుంది.

కిటికీల మీద మంచు పేరుకున్నట్టు చూపడానికి పాత పద్ధతే ఉత్తమం. వేడి నీటిలో ఎప్సమ్ సాల్ట్‌ను కరిగినంతవరకు కరిగించి, రెండు మూడు చుక్కల గిన్నెలు తోమే సబ్బు కలిపి, అద్దం మీద బ్రష్‌తో పూస్తే, ఆరే కొద్దీ స్ఫటికాలు పరుచుకుంటాయి. మాస్క్ అంచుల్లో, కనుబొమల మీద మేకప్‌కు పనికివచ్చే తెల్లటి మైనాన్ని పలుచగా అద్దాలి. ఊపిరి ఆవిరిని ప్రతి షాట్‌లోనూ చూపవలసిన అవసరం లేదు, మాస్క్ ఉన్నప్పుడు అది ముఖం ముందు మేఘంలా లేవదు కూడా.

ఆరవ అడుగు: విమానం కదలికను నమ్మించడం

ఖరీదైన హైడ్రాలిక్ వేదిక లేకపోయినా, సెట్ ముక్కను గాలి నింపిన టైరు ట్యూబుల మీద నిలబెట్టి, రెండు వైపులా పొడవాటి చెక్క మీటలు బిగించి, ఇద్దరు మనుషులు లయబద్ధంగా నొక్కితే చక్కటి ఊగు వస్తుంది. చట్రానికి ఒక చిన్న మోటారు బిగించి, దాని ఇరుసుకు ఒక పక్క బరువు పెడితే ఆగని సన్నటి కంపనం వస్తుంది. నావిగేటర్ పెన్సిలూ వేలాడే తీగలూ అదురుతుంటే ఇంజిన్లు నడుస్తున్నాయని కంటికి తెలుస్తుంది. కెమెరాను చేత్తో వణికించడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, అప్పుడు ఫ్రేము మొత్తం ఒకేలా వణికి మోసం బయటపడుతుంది.

విమానం మామూలుగా మలుపు తిరిగేటప్పుడు లోపలి మనుషులు పక్కకు ఒరగరు. సరిగ్గా నడిపే మలుపులో బరువు నేరుగా సీటులోకే నొక్కుతుంది, కప్పులోని టీ కూడా కప్పుతో సమాంతరంగానే నిలుస్తుంది. కాబట్టి నటులను పక్కకు వంగమని చెప్పకండి. బయటి క్షితిజరేఖను వంచండి, లేదా లోపల పడుతున్న వెలుగును ఒక గోడ నుంచి మరో గోడకు నెమ్మదిగా జరపండి. ఆ కదిలే కాంతి ఒక్కటే విమానం తిరుగుతోందని చెబుతుంది.

ఫైటర్ నుంచి తప్పించుకోవడానికి బాంబర్లు చేసే ‘కార్క్‌స్క్రూ’ విన్యాసం మాత్రం దీనికి భిన్నం. గన్నర్ దిశ చెప్పి ‘గో’ అనగానే పైలట్ ఒక పక్కకు ఒరిగిస్తూ నిటారుగా డైవ్ చేసి, పిమ్మట ఎదురు వైపుకు తిప్పుతూ పైకి లేపుతాడు. డైవ్ మొదలైన క్షణంలో విడిగా ఉన్నవన్నీ పైకి లేస్తాయి, పైకి లాగేటప్పుడు చేతులు సీసంలా బరువెక్కుతాయి. పెన్సిలు, స్కేలు, పటాలను సన్నని చేపల గాలపు దారంతో పైనుంచి లాగి ఆ తేలికను చూపించవచ్చు. బరువెక్కే భాగాన్ని నటులు చేయాలి: గడ్డం ఛాతీకి దిగిపోతుంది, పైకెత్తబోయిన చేయి సగంలో ఆగిపోతుంది. ఆ నటనను ఒక రోజంతా సాధన చేయించినా ఎక్కువ కాదు. బాంబులు విడిచిన క్షణంలో బరువు తగ్గిన విమానం ఒక్కసారి పైకి ఎగురుతుంది, అప్పుడు మీటల దగ్గరున్నవారు సెట్‌ను గట్టిగా పైకి ఎత్తాలి.

ఏడవ అడుగు: వెలుతురు, కిటికీ బయట

రాత్రి దృశ్యాల్లో కిటికీ బయట నల్లటి వస్త్రం, దాని ముందు లైట్లు ఉంటే పని జరుగుతుంది. లోపల నావిగేటర్ తెర వెనుక చిన్న దీపం, పరికరాల మసక కాంతి తప్ప మరేమీ ఉండకూడదు. లక్ష్యం దగ్గరపడే కొద్దీ కింద నుంచి నారింజ, ఎరుపు కాంతిని పెంచుతూ, అక్కడక్కడ లక్ష్యాన్ని గుర్తించే ఆకుపచ్చ, ఎరుపు మార్కర్ల ఛాయను కలపాలి. సెర్చ్‌లైట్ కోసం సన్నని, పదునైన తెల్లటి కాంతిని కింది నుంచి నెమ్మదిగా తిప్పండి. అది విమానాన్ని పట్టుకున్న క్షణంలో కాక్‌పిట్ అంతా తెల్లబారిపోయేలా ఎక్స్‌పోజర్ దాటించాలి. పైలట్ కళ్లు దించి పరికరాలకేసి చూడడం తప్ప ఏమీ చేయలేడు.

కిటికీ బయట గ్రీన్ మ్యాట్ (తరువాత దృశ్యాన్ని అతికించడానికి వాడే ఆకుపచ్చ తెర) వాడితే పర్‌స్పెక్స్ మీదా లోహం మీదా ఆకుపచ్చ ఛాయ పడి, తరువాత దాన్ని తొలగించడానికే వారాలు పోతాయి. అందుబాటులో ఉంటే ప్రొజెక్టర్‌తో వెనుక తెర మీద దృశ్యం వేయడమో, పెద్ద టీవీలను కిటికీల వెనుక పెట్టడమో మేలు, ప్రతిబింబాలు వాటంతటవే సరిగ్గా పడతాయి. కానీ ఆ దృశ్యంలో నేల వేగంగా పరుగెత్తకూడదు. 6,000 మీటర్ల ఎత్తులో సెకనుకు 90 మీటర్ల వేగంతో వెళ్లే విమానం నుంచి 40 డిగ్రీల కోణపు లెన్సుతో తిన్నగా కిందికి చూస్తే, ఒక భవనం ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి దాదాపు 48 సెకన్లు పడుతుంది. ఆ నిదానమే ఎత్తును తెలియజేస్తుంది.

ఎనిమిదవ అడుగు: తుపాకులు, ఫ్లాక్

సెట్ మీద పేలని నమూనా తుపాకులనే వాడాలి, ఖాళీ తూటాలు కూడా వద్దు. ఇరుకైన సెట్‌లో ఖాళీ తూటా కూడా ప్రాణం తీయగలదు. మెరుపులను ఎడిటింగ్‌లో చేర్చుకోవచ్చు. లాంకాస్టర్ వెనుక టరెట్‌లోని నాలుగు బ్రౌనింగ్ తుపాకులు ఒక్కొక్కటి నిమిషానికి సుమారు 1,150 గుళ్లు పేల్చేవి, అంటే సెకనుకు దాదాపు 19. సెకనుకు 24 ఫ్రేముల చిత్రంలో ఒక్కో తుపాకి మెరుపు కొన్ని ఫ్రేముల్లో ఉండి కొన్నింట్లో లేకుండా, నాలుగూ ఒకేసారి కాక గజిబిజిగా వెలగాలి. ప్రతి మెరుపుకూ గన్నర్ ముఖం మీద ఒక చిన్న లైటు నిజంగా వెలగడం మరవకూడదు, ముఖం వెలగని మెరుపును ఎవరూ నమ్మరు.

ఫ్లాక్‌ను, అంటే విమానవిధ్వంసక గుండ్ల పేలుళ్లను, పెద్ద నిప్పుముద్దలుగా చూపకండి. పగటిపూట అవి నల్లటి పొగ ఉండలు, మెరుపు కనిపించేది బాగా దగ్గరగా పేలినప్పుడే. దూరపు పొగలు నెమ్మదిగా, దగ్గరివి రెప్పపాటులో వెనక్కి పోవాలి. నీటి తొట్టెలో కింద ఉప్పునీరు, పైన మంచినీరు నెమ్మదిగా పోసి, సిరంజితో నల్ల సిరా చిమ్మి చిత్రీకరిస్తే నిజమైన పొగ మెలికలు దొరుకుతాయి, వాటిని వేరుచేసి దృశ్యంలో అతికించవచ్చు.

సెట్ మీద దెబ్బలు చూపడానికి రేకులో ముందే రంధ్రాలు చేసి, పలుచని ఫాయిల్‌తో మూసి రంగు వేసి, సైగ చేయగానే దారంతో లాగాలి. వెనుక లైటు ఉంటే రంధ్రం పడిన చోట కాంతిరేఖ లోపలికి దూసుకొస్తుంది. ముక్క లోపలికి వచ్చిన వైపు రేకు అంచులు లోపలికీ, బయటికి పోయిన వైపు బయటికీ విచ్చుకోవాలి. పొగ కోసం గ్లైకాల్ యంత్రాన్ని వాడి, ప్రతి టేక్ తరువాత గోడ పలకలు తీసి గాలి ఆడనివ్వండి. నిప్పుతో పని అనివార్యమైతే అనుమతి ఉన్న నిపుణుడు లేకుండా ముట్టుకోవద్దు.

తొమ్మిదవ అడుగు: బయటి నుంచి విమానం

ఇలాంటి షాట్లు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. టేకాఫ్, మేఘాల పైన ఒంటరిగా, మంటలతో, తిరిగి దిగడం వంటి నాలుగైదు షాట్లతో సినిమా నిలబడుతుంది. 1/24 నిష్పత్తి నమూనా అయితే రెక్కల వెడల్పు సుమారు 1.3 మీటర్లు, 1/16 అయితే సుమారు 1.9 మీటర్లు ఉంటుంది. పొగ, మంట, నీరు, శకలాలు ఉన్న షాట్లలో నమూనా ఎన్ని రెట్లు చిన్నదో ఆ సంఖ్య వర్గమూలంతో 24 ఫ్రేముల మామూలు వేగాన్ని హెచ్చించాలి. 1/16 నమూనాను సెకనుకు 96 ఫ్రేములతో, 1/24 నమూనాను దాదాపు 118 ఫ్రేములతో తీయాలి. లెన్సు ఎపర్చర్‌ను ఎఫ్/16 వరకూ మూసి, అందుకు సరిపడా గట్టి లైట్లు వేస్తేనే నమూనా మొత్తం ఫోకస్‌లో ఉండి పెద్దదిగా కనిపిస్తుంది.

ప్రొపెల్లర్లే ఎక్కువ మందిని పట్టిస్తాయి. లాంకాస్టర్ మెర్లిన్ ఇంజిన్ నిమిషానికి 2,400 సార్లు తిరుగుతుంటే, మధ్యనున్న గేర్ల వల్ల ప్రొపెల్లర్ దాదాపు 1,000 సార్లే తిరుగుతుంది. 1/48 సెకను షట్టర్‌లో అది మూడో వంతుకు పైగా చుట్టు తిరుగుతుంది, ప్రొపెల్లర్ రెక్కలు మూడు కాబట్టి చక్రం మొత్తం మసకగా నిండిపోతుంది. అందువల్ల నమూనాకు అసలు ప్రొపెల్లర్ల బదులు, అంచుల వైపు పలుచబడేలా బూడిదరంగు చల్లిన పారదర్శక పళ్లేలను బిగించడం తేలిక, సురక్షితం కూడా. బ్లెండర్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో విమానం తయారుచేస్తే మోషన్ బ్లర్ ఇదే లెక్కకు సరిపోవాలి. ఊహాకెమెరా కూడా మరో విమానంలో కూర్చున్న మనిషి చేతిలో ఉన్నట్టే కదలాలి, రెక్క చుట్టూ గిరికీలు కొట్టే షాట్ వేస్తే అంతవరకూ కష్టపడి కూర్చిన లోకం చెదిరిపోతుంది.

పదవ అడుగు: శబ్దం

నా దృష్టిలో ఈ తరహా చిత్రానికి సగం ప్రాణం శబ్దంలోనే ఉంది, డబ్బు చాలకపోతే బయటి షాట్లను తగ్గించి దీనికి మళ్లించాలి. ఎగరగల లాంకాస్టర్లు ప్రపంచంలో రెండే మిగిలాయి, ఒకటి బ్రిటన్‌లో, ఒకటి కెనడాలో. బ్రిటన్‌లోని ఈస్ట్ కిర్క్‌బీలో ఉన్న మరో లాంకాస్టర్ నేల మీద నాలుగు ఇంజిన్లతో నడుస్తుంది. అలాంటి చోట అనుమతితో కొత్తగా రికార్డు చేసుకోగలిగితే సంతోషం, లేకపోతే లైసెన్సు ఉన్న శబ్ద సంకలనాలను కొనుక్కోవాలి. ఏదైనా సరే, ఒకే రికార్డింగును వాడకుండా నాలుగు పొరలుగా వేసి ఒక్కోదాని స్థాయిని కాస్త తేడాగా ఉంచాలి. నాలుగు ఇంజిన్లు పూర్తిగా కలవనప్పుడు వచ్చే ఆ ఎగసిపడే హోరు విన్నవారు మరిచిపోలేరు. స్థానాన్ని బట్టి కూడా శబ్దం మారాలి: కాక్‌పిట్‌లో ఇంజిన్లు, తోకలో గాలి.

లోపలి సంభాషణ మొత్తాన్ని డబ్బింగ్‌లో మాస్క్ ధరించే రికార్డు చేసి, సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య మాత్రమే మిగిలేలా వడగట్టి, మైక్ తెరిచినప్పుడు, మూసినప్పుడు వినబడే క్లిక్‌ను చేర్చండి. ఫ్లాక్ దూరంగా పేలితే హోరులో వినిపించకూడదు. దగ్గరగా పేలితే మొదట పొట్టలో తగిలే దెబ్బలాంటి మోత, ఆ వెంటనే రేకుల కప్పు మీద గులకరాళ్లు విసిరినట్టు శకలాల చప్పుడు రావాలి. నేపథ్య సంగీతాన్ని విమానం నేల విడిచిన దగ్గర నుంచి తిరిగి తాకేదాకా పూర్తిగా ఆపేయమని నేను గట్టిగా సూచిస్తాను.

పని వరుస

ముందు ఒక్క కాక్‌పిట్ ముక్కనే కట్టి, ఇద్దరు నటులతో ఒక నిమిషం పరీక్ష షాట్ తీసి, శబ్దం కూడా చేర్చి, పెద్ద తెర మీద చూడండి. రంగు, కంపనం, మాస్క్ వెనుక గొంతు, కింది నుంచి పడే వెలుగు అక్కడ నమ్మదగినట్టు లేకపోతే మిగతా సెట్ కట్టడం ఆపి ఆ నాలుగింటినీ సరిచేయాలి. అది కుదిరాకే మిగతా గొట్టం, ఆ తరువాత టరెట్, అన్నిటికన్నా చివర నమూనా విమానం. లోపలి సన్నివేశాలను వీలైనంతవరకు కథాక్రమంలో తీస్తే అలసట, మంచు, మురికి, రంధ్రాలు ఒకదాని మీద ఒకటి సహజంగా పేరుకుంటాయి, కంటిన్యుటీ చూసేవారికి భారం తగ్గుతుంది. బయటి షాట్లను ఎడిటింగ్ మొదటి కూర్పు పూర్తయ్యాకే తీయండి. ఎన్ని కావాలో, ఎంత నిడివిలో కావాలో అప్పుడే తెలుస్తుంది, ముందు రాసుకున్న జాబితాలో సగం అవసరం లేదని కూడా అప్పుడే తేలుతుంది.